దోమ దొరికింది సరే, పేరు తేల్చేదెలా? మైక్రోస్కోపా, డీఎన్ఏ పరీక్షా?

రాత్రంతా వలలో పడిన దోమలు పొద్దున్నే టేబుల్ మీదికి వస్తాయి. ఒక్కోసారి ఇరవై ఉంటాయి, ఒక్కోసారి నాలుగు వందలు. వాటిలో మలేరియా మోసేవి ఏవి, డెంగీ మోసేవి ఏవి, కుట్టినా ఏ జబ్బూ అంటించనివి ఏవి అన్నది తేల్చాలి. ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. డీఎన్ఏ పరీక్ష ఉండగా ఇంకా మైక్రోస్కోప్ ముందు కూర్చుని కాళ్ల మీద చారలు చూసుకోవడం దేనికి? ఇదే పనిలో ముప్ఫై ఏళ్లు గడిపినవాళ్లు దాన్నే తిరగేసి అడుగుతారు. చూడగానే తెలిసిపోయే దోమకి అంత తతంగం దేనికి?

ఇద్దరి మాటలోనూ నిజం ఉంది, కానీ ఇద్దరి మనసులో ఉన్న దోమ ఒకటి కాదు. కొన్ని జాతులకి కన్ను చాలు. కొన్నిటికి ఎంత అనుభవం ఉన్న కన్నైనా చాలదు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మొదటి మెట్టు ఎప్పుడూ కన్నే. ఆ మెట్టు దాటకుండా నేరుగా డీఎన్ఏకి పోతే తప్పు జవాబు కూడా చాలా నమ్మకంగా వస్తుంది. అలాగని కొన్ని జాతుల దగ్గర మొదటి మెట్టు మీదే ఆగిపోతే, తర్వాత వేసే మందు, పంచే దోమతెర, పెట్టే శ్రమ అన్నీ పక్కదారి పట్టొచ్చు.

ముందు మిమ్మల్ని మీరు అడగాల్సింది

పేరు తెలిశాక ఏం చేస్తారు? దీనికి జవాబు లేకుండా పద్ధతి ఎంచుకోకండి.

ప్రపంచంలో దోమ జాతులు 3,500కు పైగా ఉన్నాయి. వాటిలో అనోఫిలిస్ అనే వర్గానికి చెందినవి 400 దాటాయి. మలేరియాను వ్యాపింపజేయడంలో ముఖ్యమైనవి మాత్రం వీటిలో 40 దాకానే. అంటే "ఇది అనోఫిలిస్" అని తేలినంత మాత్రాన పని సగమైనా అయినట్టు కాదు. అయితే ఒక్కోసారి ఆ సగమే కొండంత అవుతుంది. బ్రిటిష్ వైద్యుడు రోనాల్డ్ రాస్ రెండేళ్ల పాటు బూడిదరంగు దోమల్ని, చారల కాళ్ల దోమల్ని కోసి చూశాడు, మలేరియా పరాన్నజీవి ఆచూకీ దొరకలేదు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రెక్కల మీద మచ్చలున్న దోమను కోస్తే, దాని పొట్ట గోడలో కనిపించింది. అన్నాళ్లూ ఆయన చేతిలో ఉన్నవి క్యూలెక్స్, ఏడిస్ అనే వేరే వర్గాల దోమలు. మచ్చల రెక్కలది అనోఫిలిస్. రెక్కల మీది మచ్చలు చూసి వేరు చేయడం ఒక్కటే అక్కడ తేడా తెచ్చింది.

ఇప్పుడు మన ప్రశ్నలు అంతకంటే సూక్ష్మంగా ఉంటాయి. నీళ్ల తొట్టెల్లో పెరుగుతున్నది డెంగీ మోసే ఏడిస్ ఈజిప్టై దోమేనా అని మాత్రమే తెలియాలంటే ఒక పద్ధతి సరిపోతుంది. మందు చల్లిన ఇళ్లలో మలేరియా దోమ నిజంగా తగ్గిందా, లేక దాని పోలికలే ఉన్న ఇంకో జాతి ఆ చోటులోకి వచ్చిందా అని తెలియాలంటే ఇంకో పద్ధతి కావాలి. ఒక దేశంలో ఇంతకుముందెన్నడూ లేని జాతి దొరికిందని ప్రకటించాలంటే రెండూ కావాలి.

కన్ను గెలిచే చోట

ముందు తేలిక విషయాలు. బతికున్న దోమ గోడ మీద వాలినప్పుడు తల కిందికి, తోక పైకి పెట్టి ఏటవాలుగా నిలబడితే అనోఫిలిస్. గోడకి సమాంతరంగా కూర్చుంటే చాలా వరకు క్యూలెక్సో ఏడిసో. లార్వాలైతే ఇంకా సులువు. అనోఫిలిస్ లార్వా నీటి పైపొర మీద పడుకున్నట్టు తేలుతుంది. మిగతా రెండూ గాలి పీల్చుకునే గొట్టాన్ని పైకి ఆనించి తలకిందులుగా వేలాడతాయి.

చనిపోయిన దోమ అయితే మైక్రోస్కోప్ కింద ముందు మూతి దగ్గర చూడండి. తొండానికి రెండు పక్కలా పాల్పులు అనే రెండు స్పర్శాంగాలు ఉంటాయి. ఆడ దోమలో అవి తొండమంత పొడుగు ఉంటే అనోఫిలిస్, పొట్టిగా ఉంటే కాదు. ఆడ దోమలో అని ఎందుకు చెబుతున్నానంటే, మగ దోమల పాల్పులు క్యూలెక్స్‌లోనూ పొడుగే. కాబట్టి అంతకంటే ముందు మీసాలు చూసుకోవాలి. గుబురుగా ఈక లాగా ఉంటే మగది, పలచగా ఉంటే ఆడది. కొత్తవాళ్లు ఇక్కడే ఎక్కువ తడబడతారు.

ఏడిస్‌లో ఇద్దరు ముఖ్యులు. ఈజిప్టై వీపు మీద రెండు పక్కలా బ్రాకెట్ల లాగా వంపు తిరిగిన తెల్లని గీతలు, మధ్యలో రెండు సన్నని గీతలు ఉంటాయి. ఆల్బోపిక్టస్ వీపున నడిమధ్యలో ఒకే ఒక తెల్లని గీత. బాగున్న దోమని చూస్తే పది సెకన్ల పని. కానీ వలలోని ఫ్యాన్ గాలికి కొట్టుకున్న దోమకి వీపు మీది పొలుసులన్నీ రాలిపోయి బోడి వీపు మిగులుతుంది. అప్పుడు దాన్ని పక్కకి తిప్పి, తొండం మొదట్లో ఉండే చిన్న బుడిపె చూడాలి. ఈజిప్టై ఆడ దోమకి ఆ బుడిపె మీద రెండు తెల్లని చుక్కల్లాగా పొలుసులు మెరుస్తాయి. ఆల్బోపిక్టస్‌కి అది నల్లగా, బోడిగా ఉంటుంది. వీపు మొత్తం అరిగిపోయినా ఈ రెండు చుక్కలు చాలాసార్లు మిగిలే ఉంటాయి. లైటు కోణం కొంచెం మార్చి చూడండి, నేరుగా పడే వెలుతురులో అవి కనపడవు.

ఇలాంటి జాతుల దగ్గర డీఎన్ఏ పరీక్షకి పరుగెత్తడం అనవసరం. అలవాటైన మనిషి ఒక్క పూటలో వందల దోమలు వేరు చేయగలడు, దోమ దోమగానే మిగులుతుంది, అనుమానం వస్తే రేపు మళ్లీ చూడొచ్చు.

కన్ను మోసపోయే సందర్భాలు మూడు. మొదటిది అలసట. మూడు గంటలు ఆపకుండా చూశాక కంటికి అన్నీ ఒకే జాతిలా కనిపించడం మొదలవుతుంది. గంటకోసారి లేచి రావడం, పదింట ఒక దోమను ఇంకొకరితో చూపించుకోవడం తప్ప దీనికి మందు లేదు. రెండోది దెబ్బతిన్న శాంపిల్. మూడోదాని గురించి ఎక్కువమంది ఆలోచించరు. మనం వాడే గుర్తింపు కీలో లేని జాతి ఎదురైతే ఏమవుతుంది?

కీ అంటే "పాల్పుల మీద మూడు తెల్ల పట్టీలు ఉన్నాయా? ఉంటే ఐదో ప్రశ్నకి వెళ్లండి" అంటూ నడిపించే ప్రశ్నల వరస. ఆ వరస ఎక్కడో ఒకచోట ఆగాలి, ఏదో ఒక పేరు చెప్పాలి. ఆ ప్రాంతంలో ఉన్నట్టు తెలిసిన జాతులే అందులో ఉంటాయి. అనోఫిలిస్ స్టెఫెన్సై అసలు ఊరు దక్షిణాసియా, అరేబియా ప్రాంతం. అది 2012లో జిబూతిలో, 2016లో ఇథియోపియాలో దొరికింది. ఆఫ్రికాలో అప్పటిదాకా చేతిలో ఉన్న కీలలో దానికి చోటే లేదు. స్టెఫెన్సైకీ, అక్కడి ముఖ్యమైన మలేరియా దోమ అనోఫిలిస్ గాంబియేకీ పాల్పుల మీద పట్టీలు, కాళ్ల మీద చుక్కలు ఉంటాయి. పాత కీ పట్టుకుని నడిస్తే స్టెఫెన్సై కాస్తా గాంబియే అయి కూర్చునే ప్రమాదం ఉంది. తేడా చిన్నది కాదు. స్టెఫెన్సై నగరాల్లో నీళ్ల ట్యాంకుల్లో, డ్రమ్ముల్లో పెరుగుతుంది. మలేరియా పల్లెల జబ్బు అనుకుని పట్నాలను వదిలేసిన చోట ఇది వ్యాపిస్తే ఎంత నష్టమో ఊహించండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీని మీద ప్రత్యేకంగా హెచ్చరిక జారీ చేసింది. ఇథియోపియాలో ముందు కంటితో అనుమానం వచ్చింది, తర్వాత డీఎన్ఏ సీక్వెన్స్ దాన్ని నిర్ధారించింది. నేను చెప్పే వరస కూడా ఇదే.

కంటికి అందని కవలలు

యూరప్‌లో వందేళ్ల కిందట మలేరియా నిపుణుల్ని వేధించిన చిక్కు ఒకటుంది. అనోఫిలిస్ మాక్యులిపెన్నిస్ అనే దోమ ఉన్న కొన్ని చోట్ల మలేరియా విపరీతంగా ఉండేది. అదే దోమ అంతే గుంపుగా ఉన్న మరికొన్ని చోట్ల జబ్బు జాడే లేదు. దోమల్ని పక్కపక్కన పెట్టి చూస్తే ఒక్క తేడా కనపడదు. జవాబు దోమలో కాకుండా దాని గుడ్లలో దొరికింది. 1926లో ఫల్లెరోని అనే ఇటలీ ఆరోగ్య అధికారి ఒక్కో ఆడ దోమను విడిగా ఉంచి గుడ్లు పెట్టించి చూశాడు. కొన్నిటి గుడ్ల మీద అడ్డ పట్టీలు, కొన్నిటి మీద మచ్చలు, ఇంకొన్నిటివి ఉత్త బూడిదరంగు. ఒక తల్లి గుడ్లన్నీ ఒకే రకం. ఒకే జాతి అనుకున్నది నిజానికి జాతుల గుంపు. వాటిలో కొన్ని మనిషి రక్తం కోసం వస్తాయి, కొన్ని పశువుల కొట్టాన్ని వదలవు. ఆ చిక్కు 1930లలో పూర్తిగా విడిపోయింది.

ఒక దోమను అద్దం ముందు నిలబెట్టినట్టు పోలి ఉండి, తమలో తాము సాధారణంగా కలవని ఇలాంటి జాతుల్ని కవల జాతులు అనుకుందాం. రోగాలు మోసే కీటకాల్లో ఇవి ఎక్కడ చూసినా ఉన్నాయి. ఆఫ్రికాలో గాంబియే గుంపు అన్నిటికంటే పేరున్నది. అందులో అసలు గాంబియే, కొలుజ్జీ మనిషి రక్తానికి బాగా మరిగినవి. అరబియెన్సిస్ మనిషినీ కుడుతుంది, పశువులనీ కుడుతుంది, బయట కూడా కుడుతుంది. క్వాడ్రియాన్యులేటస్ ప్రధానంగా పశువుల మీద ఆధారపడుతుంది, మలేరియాలో దాని పాత్ర లేనట్టే. నాలుగూ మైక్రోస్కోప్ కింద ఒక్కలాగే ఉంటాయి. కొలుజ్జీకి విడి జాతిగా పేరు పెట్టిందే 2013లో.

భారత ఉపఖండంలో క్యులిసిఫేసిస్ గుంపులో ఏ, బీ, సీ, డీ, ఈ అని ఐదు ఉన్నాయి. వీటికి విడి పేర్లు కూడా లేవు, అక్షరాలే. బీ మలేరియా మోయడంలో బాగా బలహీనం. ఇప్పుడు ఆలోచించండి. ఒకచోట ఇళ్లలో వంద క్యులిసిఫేసిస్ దోమలు దొరికాయి. అవన్నీ 'బీ' రకం అయితే చేయాల్సిన పని వేరు, ఎక్కువ భాగం జబ్బును బాగా మోసే 'ఈ' రకం అయితే పడాల్సిన తొందర వేరు. "క్యులిసిఫేసిస్, వంద" అని రాసి ఫైలు మూసేస్తే నిజం చెప్పినట్టే ఉంటుంది, అవసరమైనది మాత్రం చెప్పనట్టు.

నల్ల ఈగల్లో డామ్నోసమ్ గుంపుదీ ఇదే తీరు. నదుల పక్కన అంధత్వం తెచ్చే జబ్బును మోసేవి అవి. వాటిలో పదుల కొద్దీ రకాలున్నాయి, లార్వా పట్టు గ్రంథుల్లోని క్రోమోజోముల పట్టీలు చూసి వాటిని విడదీశారు.

క్యూలెక్స్ సంగతి కొంచెం మధ్యస్థం. బోదకాలు మోసే క్వింక్విఫాసియేటస్‌నీ, చలి ప్రాంతాల పిపియెన్స్‌నీ మగ దోమల జననాంగాల కొలతలతో వేరు చేయొచ్చు, ఆడవాటితో కష్టం. రెండూ కలిసే అక్షాంశాల్లో సంకర దోమలు కూడా పుడతాయి కాబట్టి అక్కడ డీఎన్ఏ తప్పదు. మిగతా చోట కంటితో సరిపెట్టుకోవచ్చు.

ఇసుక ఈగలకి మాత్రం వేరే కష్టం ఉంది. కాలా అజార్ అనే జ్వరాన్ని మోసే ఈ పురుగు రెండు మూడు మిల్లీమీటర్లు మించదు. రసాయనంలో నానబెట్టి ఒంటిని పారదర్శకం చేసి, స్లైడ్ మీద ఎక్కించి, ఆడ ఈగ పొట్టలో వీర్యం దాచుకునే చిన్న సంచుల ఆకారం చూడాలి, గొంతులోని పళ్ల వరస చూడాలి. తేడాలు స్పష్టంగానే ఉంటాయి, కానీ ఆ చేతిపని నేర్చుకోవడానికి నెలలు పడుతుంది. ఇక్కడ నా సలహా ఏమిటంటే తలనీ, పొట్ట చివరనీ స్లైడ్‌కి వాడండి, మిగిలిన నడుము భాగాన్ని డీఎన్ఏ కోసం దాచండి. ఒకే ఈగ రెండు పరీక్షలకీ సరిపోతుంది.

డీఎన్ఏలో ఏ దారి?

"డీఎన్ఏ పరీక్ష చేయించాం" అంటే ఏమీ తెలియదు. కనీసం రెండు వేర్వేరు పనులున్నాయి, వాటి మధ్య ఎంపిక కూడా ముఖ్యమే.

ఒకటి జాతికి తగ్గ ప్రైమర్లతో, అంటే డీఎన్ఏలో ఫలానా చోటే అతుక్కునే చిన్న ముక్కలతో, చేసే పీసీఆర్. కావాల్సిన డీఎన్ఏ ముక్కను లెక్కలేనన్ని ప్రతులుగా పెంచే పరీక్ష ఇది. దోమ కాలు ఒకటి తుంచి, అందులోంచి డీఎన్ఏ తీసి, గుంపులోని ఒక్కో జాతికీ ఒక్కో పొడుగు ముక్క పెరిగేలా చేస్తారు. జెల్ పలక మీద కరెంటుతో పరిగెత్తిస్తే గీతలు వేర్వేరు ఎత్తుల్లో ఆగుతాయి. గాంబియే గుంపుకి 1993లో వచ్చిన పరీక్షలో గాంబియే గీత 390 దగ్గర, అరబియెన్సిస్ గీత 315 దగ్గర, క్వాడ్రియాన్యులేటస్ గీత 153 దగ్గర నిలుస్తుంది. ఈ అంకెలు డీఎన్ఏ జంటల లెక్క. గాంబియేకీ కొలుజ్జీకీ గీత ఒకటే, వాటిని విడదీయడానికి ఇంకో పరీక్ష కావాలి. ఒకే కాలి నుంచి ఇంత పని జరగడానికి కారణం, ఈ పరీక్ష వాడే రైబోజోముల డీఎన్ఏ ఒక్కో కణంలో వందల ప్రతులుగా ఉండటం. పొద్దున మొదలుపెడితే సాయంత్రానికి పదుల దోమల జవాబు చేతికొస్తుంది.

దీని బలహీనత ఒక్కటే కానీ పెద్దది. తనకి నేర్పిన జాతులు తప్ప ఈ పరీక్షకి ఇంకేమీ తెలియదు. మైక్రోస్కోప్ దగ్గర పొరపాటు పడి వేరే గుంపు దోమను దీనికి పంపితే సాధారణంగా గీత రాదు. అప్పుడు చాలామంది "డీఎన్ఏ సరిగా రాలేదు" అని రాసి వదిలేస్తారు. అంతకంటే చెడ్డది, అరుదుగా ఎక్కడో అతుక్కుని తప్పుడు గీత రావడం. మొదటి మెట్టు కన్ను అని నేను పట్టుబట్టేది ఇందుకే. సరైన గుంపుకి సరైన పరీక్ష పంపే పని కన్నుదే.

రెండోది సీక్వెన్సింగ్, అంటే డీఎన్ఏలో ఒక భాగాన్ని అక్షరం అక్షరం చదవడం. ఇది ముందే పేరు ఊహించదు. చదివిన అక్షరాల వరసని ప్రపంచవ్యాప్త డేటాబేస్‌లతో పోల్చి ఏ జాతికి దగ్గరో చెబుతుంది. అందుకే కొత్త జాతి, పరాయి జాతి, ముక్కలైన శాంపిల్, గుడ్డు, లార్వా లాంటి వాటికి ఇదే దిక్కు. సాధారణంగా బయటి ల్యాబ్‌కి పంపాలి కాబట్టి రోజులు పడుతుంది, ఖర్చూ ఎక్కువే.

ఏ భాగం చదవాలన్నది ఇక్కడ అసలు తలనొప్పి. జంతువులన్నిటికీ బార్‌కోడ్‌గా వాడే సీఓఐ జన్యువు మైటోకాండ్రియాలో, అంటే కణానికి శక్తినిచ్చే భాగంలో ఉంటుంది. 658 అక్షరాల ముక్క చదివితే చాలా కీటకాలకి పేరు వచ్చేస్తుంది. కానీ మైటోకాండ్రియా తల్లి నుంచే వస్తుంది, కాబట్టి సంకర దోమను అది పట్టుకోలేదు. పూర్వం ఎప్పుడో రెండు జాతులు కలిసి ఉంటే ఒకదాని మైటోకాండ్రియా రెండోదానిలోకి జారిపోవచ్చు. గాంబియే, అరబియెన్సిస్‌ల మధ్య అదే జరిగింది, అందుకని ఆ గుంపులో సీఓఐ జవాబుని నమ్మకూడదు. ఏడిస్ ఈజిప్టైలో మైటోకాండ్రియా ముక్కల నకళ్లు కేంద్రకంలో కూడా ఇరుక్కుని ఉంటాయి, పొరపాటున వాటిని చదివితే సీక్వెన్స్ వింతగా వస్తుంది. అనోఫిలిస్ అయితే నేను ముందు రైబోజోముల డీఎన్ఏలోని ఐటీఎస్2 అనే భాగాన్ని ఎంచుకుంటాను, సీఓఐని దానికి తోడుగా పెట్టుకుంటాను. రెండూ ఒకే పేరు చెబితే నిశ్చింత.

ఇంకో జాగ్రత్త. డేటాబేస్‌లో ఉన్న సీక్వెన్స్‌కి పేరు పెట్టింది కూడా ఎక్కడో ఒక మనిషే. ఆ మనిషి మైక్రోస్కోప్ దగ్గర తప్పు చేసి ఉంటే ఆ తప్పు మీ రిపోర్టులోకి వస్తుంది. మొదట కనిపించిన పేరు పట్టుకోకండి. దగ్గరగా వచ్చిన పది ఎంట్రీలు చూడండి, అవన్నీ ఒకే జాతివా, వేర్వేరు పరిశోధకులు పెట్టినవా అని గమనించండి.

మిగతా దారుల గురించి క్లుప్తంగా. రెక్క ఈనెలు కలిసే చోట్ల చుక్కలు పెట్టి కొలిచే పద్ధతి చవక, ఒక్క రెక్క మిగిలినా చాలు, కానీ కవల జాతుల్లో పూర్తి నమ్మకం ఇవ్వదు. మాల్డీ టోఫ్ అనే యంత్రం కాలిలోని ప్రోటీన్ల తీరు చూసి నిమిషాల్లో పేరు చెబుతుంది. యంత్రం చాలా ఖరీదు, ముందుగా పేర్లు తెలిసిన దోమలతో దానికి లైబ్రరీ కట్టి ఉండాలి. ఆసుపత్రి ల్యాబ్‌లో బ్యాక్టీరియా కోసం అది ఇప్పటికే ఉంటే ఆలోచించదగ్గదే. క్రోమోజోములు చూసే పాత పద్ధతి గొప్పది, అయితే అనోఫిలిస్‌లో గుడ్లు సగం ఎదిగిన దశలో ఉన్న ఆడ దోమలకే పనికొస్తుంది, చదవగలిగే మనుషులు కూడా తగ్గిపోయారు.

ఫోన్ ఫొటోల యాప్‌లు జాతి నిర్ధారణకి కాదు, మొదటి కబురుకి. స్పెయిన్‌లో మస్కిటో అలర్ట్ అనే యాప్‌కి ఒక సాధారణ పౌరుడు పంపిన ఫొటో వల్లే 2018లో అస్తూరియస్ ప్రాంతంలో ఏడిస్ జపోనికస్ ఉందన్న సంగతి బయటపడింది. ఫొటో వచ్చాక నిపుణులు ఆ చోటికి వెళ్లి వెతికారు. ఆ రెండో పని లేకపోతే ఫొటో అనుమానంగానే మిగిలిపోయేది.

శాంపిల్ ముందే తీర్పు చెప్పేస్తుంది

మీరు ఏ పద్ధతి ఎంచుకోవాలో చాలాసార్లు మీకంటే ముందే శాంపిల్ నిర్ణయించేస్తుంది. ఒకసారి ఒక బృందం నుంచి మా టేబుల్ మీదికి ఒకే సీసాలో ఆల్కహాల్ పోసి వేసిన యాభై దాకా దోమలు వచ్చాయి. ప్రయాణంలో సీసా కుదుపులకి కాళ్లన్నీ ఊడిపోయాయి. ఒళ్లు ఒకచోట, కాళ్లు అడుగున పొరలాగా ఒకచోట. పొలుసులు ద్రవంలో పొడి లాగా తేలుతున్నాయి. ఏ కాలు ఏ దోమదో చెప్పేవాళ్లు లేరు. లేబుల్ పెన్నుతో రాశారు, సిరా కరిగి నీలం మరక మిగిలింది. కంటి పరీక్షకి అవి పూర్తిగా పోయాయి, డీఎన్ఏకి పనికొచ్చాయి కానీ ఏ ఇంటి దోమ ఏది అన్నది ఎప్పటికీ తెలియలేదు. పాపం, వాళ్లు రాత్రుళ్లు మేలుకుని పట్టిన దోమలవి. ఇప్పటికీ గుర్తొస్తే బాధేస్తుంది.

కాబట్టి రెక్కలొచ్చి ఎదిగిన దోమల్ని ఫ్రీజర్‌లో చంపి, ఒక్కో దోమని ఒక్కో చిన్న ట్యూబులో, అడుగున సిలికా జెల్ గింజలు, వాటి మీద పలచగా దూది వేసి ఆరబెట్టండి. పొలుసులు నిలుస్తాయి, డీఎన్ఏ నిలుస్తుంది, రెండు దారులూ తెరిచి ఉంటాయి. రంగు మారే సిలికా అయితే ఎప్పుడు మార్చాలో అదే చెబుతుంది. తేమ చేరితే రెండు రోజుల్లో బూజు పట్టి కాళ్ల మీది చారలు కనపడకుండా పోతాయి. లార్వాలకి, ఇసుక ఈగలకి ఆల్కహాల్ మేలు. డీఎన్ఏ కోసమైతే 95 శాతానికి తగ్గకుండా ఉంటే మంచిది. లేబుల్ పెన్సిల్‌తో రాయండి. ఫార్మలిన్ జోలికి పోవద్దు, అది డీఎన్ఏని పాడుచేస్తుంది.

డీఎన్ఏకి కాలే ఎందుకు తుంచాలో కూడా చెప్పాలి. పొట్టలో దోమ తాగిన రక్తం ఉంటుంది, అందులో మనిషిదో పశువుదో డీఎన్ఏ ఉంటుంది, పీసీఆర్‌ని అడ్డుకునే పదార్థాలూ ఉంటాయి. కాలు శుభ్రం. పైగా తల, ఛాతీ మలేరియా పరాన్నజీవి పరీక్షకి మిగులుతాయి, పొట్ట ఎవరి రక్తం తాగిందో చూడటానికి మిగులుతుంది.

ఎన్నిటికి చేయాలి?

అన్నిటికీ డీఎన్ఏ చేయనక్కర్లేదు. కంటితో అన్నిటినీ గుంపులుగా విడగొట్టండి. కవల జాతులున్న గుంపులోంచి కొన్నిటిని చీటీలు తీసినట్టు ఎంచుకోండి. బాగా కనిపించేవి, కాళ్లు అన్నీ ఉన్నవి ఏరుకోవద్దు, లెక్క ఒకవైపుకి ఒరిగిపోతుంది. వంద దోమలు పరీక్షిస్తే ఏ జాతి ఎంత శాతమో పది అటూ ఇటూగా తెలుస్తుంది. పాతికే పరీక్షిస్తే ఇరవై అటూ ఇటూ. సగానికి సగం ఉన్నాయనుకున్నప్పటి లెక్క ఇది. మీ నిర్ణయానికి ఎంత కచ్చితత్వం కావాలో చూసుకుని ఆగండి. ఈ వంద కాక, పరాన్నజీవి ఉన్నట్టు తేలిన ప్రతి దోమకీ, కీలో ఎక్కడా ఇమడని ప్రతి దోమకీ డీఎన్ఏ చేయించండి. పరాన్నజీవి దొరికిన దోమ జాతి తప్పు రాస్తే ఆ పరీక్ష చేసి కూడా చేయనట్టే.

పురుగుమందు పనిచేస్తోందా అని చూసే పరీక్షల్లో ఇంకొంచెం ఉదారంగా ఉండండి. బతికిన దోమలూ చచ్చిన దోమలూ వేర్వేరు జాతులవైతే "నిరోధం వచ్చింది" అన్న మాటకి అర్థమే మారిపోతుంది. బతికినవాటికి అన్నిటికీ, చచ్చినవాటిలో కొన్నిటికీ చేయించడం నా పద్ధతి.

డబ్బు ఒక్కదానికే ఉంది, మైక్రోస్కోప్ కొనాలా, పీసీఆర్ యంత్రం కొనాలా అని అడిగితే సంశయం లేకుండా మంచి స్టీరియో మైక్రోస్కోప్, దానికి మంచి లైటు, ఇద్దరు మనుషులకి గట్టి శిక్షణ అంటాను. ఇద్దరు ఎందుకంటే ఒకరు వెళ్లిపోతే ఇంకొకరు ఉండాలి, ఒకరి తప్పు ఇంకొకరు పట్టాలి. కాళ్లు సిలికాలో దాచి పెడితే పీసీఆర్ పక్క ల్యాబ్‌లో చేయించుకోవచ్చు. కళ్లు అలా అరువు దొరకవు. కాకపోతే మీ ప్రాంతంలో ప్రధాన మలేరియా దోమ కవల జాతుల గుంపులోదే అయితే, పక్క ల్యాబ్‌తో ఒప్పందం ముందే కుదుర్చుకోండి. తర్వాత చూద్దాం అనుకున్న కాళ్లు ఏళ్ల తరబడి డబ్బాల్లోనే ఉండిపోతాయి.

రెండు జవాబులు కలవకపోతే

ఇది తప్పకుండా జరుగుతుంది. జరిగినప్పుడు "డీఎన్ఏ చెప్పిందే నిజం" అని కంటి జవాబు కొట్టేయకండి. ముందు ఆ విడతలో దోమ డీఎన్ఏ వేయని ఖాళీ ట్యూబు చూడండి. అందులో కూడా గీత వస్తే ఎక్కడో కలుషితమైంది, ఆ విడత మొత్తం మళ్లీ చేయాల్సిందే. ఖాళీ ట్యూబు శుభ్రంగా ఉంటే ట్యూబుల వరసలో ఒక గడి జరిగిందేమో చూడండి. పక్క దోమ జవాబు కూడా తేడాగా ఉంటే అదే కారణం కావచ్చు. అదీ కాకపోతే దోమ ఒంటిని బయటికి తీసి, మొదట చూసిన మనిషి కాకుండా ఇంకొకరితో, మొదటి జవాబు చెప్పకుండా చూపించండి. అప్పటికీ తేడా ఉంటే ఇంకో కాలు తుంచి, ఈసారి పీసీఆర్ కాకుండా సీక్వెన్సింగ్‌కి పంపండి.

ఇవన్నీ చేయగలగాలంటే ఆ దోమ ఒళ్లు మన దగ్గర ఉండాలి. మా దగ్గర రివాజు ఇది. డీఎన్ఏ కోసం ఎప్పుడూ కుడివైపు వెనక కాలే తుంచుతాం, ట్యూబు మీదా కాలున్న గడి మీదా ఒకే నంబరు రాస్తాం. ఎవరు ఎప్పుడు డబ్బా తెరిచినా, కుడి వెనక కాలు లేని దోమ కనిపిస్తే దానికి డీఎన్ఏ జవాబు ఉందని అర్థం. ఎడమ వెనక కాలు కూడా లేకపోతే దాని మీద ఒకసారి వాదన జరిగిందని అర్థం. అలాంటి దోమలు మా డబ్బాల్లో పదకొండు ఉన్నాయి. వాటిలో రెండింటికి ఇంకా పేరు తేలలేదు, నాలుగేసి కాళ్లతో సిలికా మీద ఎదురుచూస్తున్నాయి.